మహిత రాసిన ఆర్

గూఢచారి కాశీనాథ్‌కి వచ్చిన ఆర్డర్ చిన్నది. పాశమైలారం కెమికల్ ప్లాంట్‌లో విదేశీ ముఠా బాంబు పెట్టింది, షిఫ్ట్ మారేలోగా దాన్ని పట్టుకోవాలి. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, పేరు మహిత. ఆమె పార్టీకి వస్తే ముఠా నాయకుడే లేచి కుర్చీ జరిపేవాడు. సంగారెడ్డి పిల్ల అని, ఒకప్పటి ఫ్రెంచ్ టీచరని ఎవరూ అనుకోరు. కాశీనాథ్ ఆమెను పెళ్లాడాలనుకున్నాడు. ఆ మాట ఇంకా చెప్పలేదు.

కోడ్ ఆమే పెట్టింది. 'ఐజ్' అని ముగిసే ఇంగ్లిష్ క్రియలో బ్రిటిష్ వాళ్లలా ఎస్ రాస్తే మెసేజ్ నిజం. అమెరికన్ జెడ్ రాస్తే, తలకు తుపాకీ పెట్టి రాయించిన అబద్ధం.

"ఇంకోటున్నది," అంది నవ్వుతూ. "ఫ్రెంచోళ్ల క్రియకు చివర్ల ఆర్ ఉంటది. ఇంగ్లిషోళ్లు ఎస్ తీస్కొని ఆర్ ఇడ్సిపెట్టిన్రు. నేను ఆర్ రాసిన్నంటే మాట నిజమే, గని నా పని అయిపోయినట్టు. నా కోసం రాకు."

"గట్ల ఎన్నడు రాయకు," అన్నాడు కాశీనాథ్.

ఇప్పుడతను కాంట్రాక్ట్ లేబర్ వేషంలో ట్యాంకుల మధ్య తిరుగుతున్నాడు. హెల్మెట్‌లో దాచిన ఇయర్‌పీస్‌లో, కంట్రోల్ రూమ్ నుంచి సేఫ్టీ ఆఫీసర్ నర్సింహులు గొంతు వినిపించింది.

"సార్, మేడం మెసేజ్. న్యూట్రలైజ్, ట్యాంక్ టూ."

"ఎస్సా, జెడ్డా?"

"తెలుగుల రాసుకున్న సార్. 'జ' ఉన్నది."

తెలుగు 'జ'లో రెండూ కలిసిపోయాయి.

"స్క్రీన్ మీద సూడు. ఒక్కో అక్షరం సదువు."

"...ఎల్, ఐ, ఎస్, ఈ. ఎనక ఆర్ గూడ ఉన్నది సార్. పరేషాన్ల తప్పు కొట్టినట్టున్నది."

కాశీనాథ్ గేటు వైపు తిరిగాడు. ఆమె లక్డారంలో ముఠా గోడౌన్‌లో ఉందని తెలుసు. బైక్ గేటు దగ్గరే ఉంది. అదే గేటులోంచి వందలమంది టిఫిన్ డబ్బాలతో లోపలికి వస్తున్నారు. ఏడుస్తూనే రెండో ట్యాంకు కిందికి దూరాడు. షిఫ్ట్ సైరన్ మోగబోతుండగా బాంబు వైరు కత్తిరించాడు.

గోడౌన్‌కి చేరేసరికి, కబురందుకున్న పోలీసులు ముఠాను పట్టుకున్నారు. మహిత నేల మీద పడి ఉంది. చెప్పాలనుకున్న మాట ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాడు. చెయ్యి అప్పటికే చల్లబడింది.

మర్నాడు ఆఫీసులో రిపోర్ట్ టైప్ చేస్తుంటే, ఆమె రాసిన మాట కింద కంప్యూటర్ ఎర్రగీత గీసింది.

"స్పెల్లింగ్ తప్పు. సరిచెయ్," అన్నాడు చీఫ్.

"ఉండనియ్యండి సార్. కంప్యూటర్‌కు ఫ్రెంచ్ రాదు. నాకు గూడ గా ఒక్క అక్షరమే వచ్చు."