రేపటి డిసెంబరాలు

బడి నుంచి వస్తూనే వీరదుర్గ జడ ముందుకు వేసుకుంది. జడ నిండా ఊదారంగు డిసెంబరాల దండ. బళ్ళో క్రిస్మస్ పండగకి అంత పెద్ద దండ ఇంకెవరూ పెట్టుకురాలేదు మరి. దుర్గ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పక్కింటి మెర్సీ ఆంటీ గోడవార డిసెంబరం పొదల దగ్గర నిలబడి ఉంది. "నీకు కావలసినన్ని కోసుకోవే" అని పొద్దున్న చెప్పింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"పువ్వులెలా కోశావమ్మా?"

"గుత్తులకి గుత్తులే తుంచేశానండి. బడికి టైమైపోతోందని."

మెర్సీ ఆంటీ కింద పడున్న ఆకుపచ్చ గుత్తినొకటి తీసింది. అంచుల్లో సన్నటి ముళ్ళున్న రెక్కల్ని గోటితో విప్పింది. లోపల చిన్నా పెద్దా మొగ్గలు.

"ఇది రేపటిది. ఇది ఎల్లుండిది. పువ్వు గొట్టం పట్టుకుని మెల్లిగా లాగితే అదొక్కటే వచ్చేస్తుందమ్మా. గుత్తి చెట్టుకే ఉండాలి. పువ్వు రాలినచోటే కాయ కడుతుంది. అది ఎండి, టప్పుమని పేలి, విత్తనాలు చిమ్ముతుంది."

"మళ్ళీ పూయవాండీ?"

"ఎందుకు పూయవు? కొత్త చిగుళ్ళు రావాలంతే. కానీ రేపు పొద్దున్నే చర్చి గుమ్మానికి దండ ఇస్తానని ఒప్పుకున్నానే."

దుర్గ గబగబా జడలో దండ తీసి ఇవ్వబోయింది. అది అప్పటికే వాడిపోయింది. ఆంటీ తిట్టినా బాగుండునని దుర్గకి ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఆ పిల్ల ఊరుకునే రకం కాదు.

తెల్లారగానే బుట్ట పట్టుకుని చేపల చెరువు గట్టు దాకా ఇల్లిల్లూ తిరిగింది. అడిగి, ఒక్కొక్క పువ్వే లాగింది. ఆఖరి ఇంటికి చేరేసరికి బుట్ట సగమే నిండింది. అవతల చర్చి గంట మోగుతోంది.

"ఇంకా ఒక్కోటీ ఏం లాగుతావే? కొమ్మలు విరిచి పట్టుకుపో" అంది ఆ ఇంటి వెంకటనరసమ్మ మామ్మగారు.

దుర్గ చెయ్యి కొమ్మ దాకా వెళ్ళి ఆగింది.

"వద్దండి మామ్మగారూ. రేపు మీకూ పూయాలి కదండీ."

రెండు వేళ్ళతో ఒక పువ్వుని మెల్లిగా లాగి బుట్టలో వేసింది. మామ్మగారు ఒక్క క్షణం చూసి, కొంగు బొడ్లో దోపుకుని, తనూ ఆ పక్కనుంచి ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది.