చైనా గేమ్‌కు దిష్టి చుక్క

“గట్టిగ పట్టుకో కృపా! స్క్రూ జారి మంచం కింద పడ్డదంటే, ఇగ అది సక్కగ నాచారం చెరువులనే తేలుతది,” అంది సత్యవేణి.

ఆదివారం మధ్యాహ్నం. కృప వాళ్ళింట్లో వెనక గది. ఇద్దరూ ఐదో తరగతి. ఒకే ఇంట్లో పక్కపక్క పోర్షన్లు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక వీడియో గేమ్ వెల్లకిలా పడి ఉంది. అది కృప తమ్ముడు రవి కుమార్‌ది.

రవి పోయిన వారం గోడ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ముందు గదిలో, కట్టు వేసిన కాలితో నిద్రపోతున్నాడు. బడి లేదు, ఆట లేదు. వాడికి ఉన్న తోడల్లా ఈ పాత గేమ్ ఒక్కటే. పొద్దున్నుంచి అదీ మొరాయిస్తోంది. టీవీ మీద బొమ్మలకు బదులు గీతలు వస్తున్నాయి.

“వాడు లేసేలోపల బాగు చేసిస్త,” అని సత్యవేణి మాటిచ్చింది.

సత్యవేణి సంగతి మీకు చెప్పాలి. ఆ పిల్లను ప్రశ్న అడిగితే చాలు, జవాబు పరుగెత్తుకొస్తుంది. ఉప్పల్ బస్సులు గంటసేపు రాకుండా ఒక్కసారే మూడెందుకొస్తాయి? “ఒక్కతే రావాలంటే దానికి భయం!” ఆ మాట కాలనీ అంతా తిరిగి, చివరికి ఒక కండక్టరే ఆమెకు వచ్చి చెప్పాడంటారు. నమ్మితే నమ్మండి.

స్క్రూలు ఊడాయి. మూత లేచింది. కృప తొంగి చూసి మొహం ముడుచుకుంది.

“గింతేనా? గన్ని కార్లు, గంత మంది ఫైటింగులు, అంతా గీ పచ్చ అట్ట మీదనేనా?”

నిజమే. లోపల అరచేయంత పచ్చటి అట్ట. దాని మీద చిన్న చిన్న డ్రమ్ముల్లాంటివి నిలబడి ఉన్నాయి. నడిమధ్య రూపాయి బిళ్ళంత నల్లటి ముద్ద.

“గీ డ్రమ్ములేంది?”

“ట్యాంకులు. అండ్ల కరెంటు నింపుకుంటది,” అంది సత్యవేణి టక్కున.

ఇందులో కొంచెం నిజం ఉంది. ఆ సంగతి సత్యవేణికే తెలియదు.

“మరి గీ నల్లది?”

ఇక్కడ సత్యవేణి ఆగింది. అది ఏమిటో ఆమెకు తెలియదు. “తెల్వదు” అంటే సరిపోయేది. మూడే అక్షరాలు. కానీ ఆ మాట ఆ పిల్ల నోట విన్నవాళ్ళు అప్పటికి పుట్టలేదు.

“దిష్టి చుక్క,” అంది.

“దిష్టి చుక్కనా? మా ఇంట్ల గవన్నీ ఉండయ్. మమ్మీ తిడ్తది.”

“మీకు లేకుంటే ఏంది, గేమ్‌కు ఉంటది గదా! ఇది చైనాల పుట్టింది. ఎంత ముద్దుగుందో సూడు. దారిల ఎవ్వరి కన్ను తగులకుండ ఫ్యాక్టరీల పెట్టి పంపిన్రు. ఇప్పుడు చుక్క పాతదయింది. అందుకే గీతలొస్తున్నయ్. పాతది తీసి కొత్తది పెడితే అయిపాయె.”

ఎంత ధీమాగా చెప్పిందంటే కృప నమ్మేసింది. అసలు సంగతి ఏమిటంటే, సత్యవేణి కూడా నమ్మేసింది.

స్క్రూడ్రైవర్ మొనతో మాడిన గిన్నె గోకినట్టు గోకింది. నల్ల ముద్ద పెళుసుగా లేచింది. కింద ఏదో మిలమిలా మెరిసింది. వెంట్రుకల కంటే సన్నటి తీగలు కనిపించాయి. గీకుడుకు అవీ పోయాయి. సత్యవేణి ఇంటికి పరుగెత్తి కాటుక డబ్బీ తెచ్చింది. అక్కడ గుండ్రంగా, ముద్దుగా ఒక చుక్క పెట్టింది.

మూత బిగించాక ఒక స్క్రూ మిగిలింది.

“ఎక్స్‌ట్రా ఇస్తరు,” అంది.

ముందు గదిలో టీవీ పెట్టారు. ఎర్ర లైటు వెలిగింది. గీతలు పోయాయి. గీతలతో పాటు అన్నీ పోయాయి. తెర మీద వట్టి నలుపు.

అప్పుడే రవి లేచాడు. “అక్కా, అయిందా?”

సత్యవేణి నోరు మాత్రం ఆగలేదు. “గేమ్ పండుకున్నది రా. వారమంత ఆడిపిస్తివి, మస్తు అలిసిపోయింది. రేపు లేస్తది.”

మర్నాడు బడి నుంచి రాగానే సత్యవేణి కృప వాళ్ళింటికి వెళ్ళింది. ఇల్లంతా నిశ్శబ్దం. టీవీ బంద్. గేమ్ మీద రవి తువ్వాలు కప్పి ఉంది.

“సప్పుడు చెయ్యకక్కా,” అన్నాడు రవి గుసగుసగా. “నేను పొద్దుగాల సంది టీవీ పెట్టలే. ఇంక లేవలే అది.”

సత్యవేణి మునివేళ్ళ మీద బయటికి నడిచింది.

బయటికి రాగానే కృప ఆమె చెయ్యి పట్టుకుంది. “నిజం చెప్పు. గది దిష్టి చుక్కనేనా? నీకు తెల్సా, తెల్వదా?”

“టీచర్‌ను అడుగుత,” అంది సత్యవేణి నేల చూస్తూ.

బళ్ళో సైన్సు చెప్పేది సూర్యకళ టీచర్. నల్ల ముద్ద గురించి విని, కాసేపు ఆలోచించి అంది: “నాకు తెల్వదమ్మా. కనుక్కొని చెప్త.”

సత్యవేణి నోరు తెరుచుకుని చూసింది. తెల్వదంది! అయినా టీచర్ మొహం మాడిపోలేదు. పైనున్న ఫ్యాను ఊడి పడలేదు. టీచర్ టీచర్‌లాగే ఉంది.

తర్వాతి రోజు టీచరే పిలిచి చెప్పింది. “అది గట్టిపడ్డ జిగురంట. దాని కింద చిన్న చిప్ ఉంటది. మొత్తం గేమ్‌కు మెదడు అదే. దెబ్బ తగులొద్దని పైన కప్పుతరు. ఎందుకడిగినవ్?”

సాయంత్రం సత్యవేణి తిన్నగా రవి మంచం దగ్గరికి వెళ్ళింది.

“గేమ్ పండుకోలే రవీ. నేనే ఖరాబ్ చేసిన. దాని మెదడు గీకేసిన. నాకు తెల్వకున్నా తెల్సినట్టు చెప్పిన. ఇగ అది లేవది.”

రవి ఏడుపు అందుకున్నాడు. తువ్వాలు తీసి ఆమె మీదికి విసిరాడు. “నాతోని మాట్లాడకు! పో!”

ఏడుపు విని వాళ్ళమ్మ సువార్తమ్మ వచ్చింది. సత్యవేణి ఆమెకూ అంతా చెప్పింది.

“మెదడుకు కాటుక పెట్టినవా!” సువార్తమ్మకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. “పోయింది ఎట్లాగూ రాదు బిడ్డా. కానీ వాడిప్పుడు ఒక్కడే గోడలు సూసుకుంట ఉంటడు. అది సూడు ముందు.”

మరుసటి సాయంత్రం సత్యవేణి స్క్రూడ్రైవర్‌తో వచ్చి గుమ్మంలో నిలబడింది. రవి మొహం తిప్పుకున్నాడు. ఆమె లోపలికొచ్చి గేమ్‌ను మంచం మీద పెట్టింది. స్క్రూడ్రైవర్ వాడి చేతికిచ్చింది.

“నువ్వే ఇప్పు.”

చాలాసేపటికి స్క్రూడ్రైవర్ కదిలింది. మూత లేచింది. రవి కళ్ళు పెద్దవయ్యాయి. పలక్కూడదు అనుకున్నాడు గానీ ఆగలేకపోయాడు.

“గీ రంగు రంగుల చారలదేంది?”

సత్యవేణి నాలుక మీదికి అప్పటికే జవాబు వచ్చి కూర్చుంది. ‘చీమల గాజులు’ అని. ఎంత బాగుంది! దాన్ని మింగేసింది.

“తెల్వదు.”

“నీకు తెల్వదా?”

“తెల్వదు రా.”

“మరి గిది?”

“అది గూడ తెల్వదు.”

“గిది?”

“అస్సలే తెల్వదు! నడువు, ఇద్దరం కలిసి కనుక్కుందాం.”

రవి కిసుక్కున నవ్వాడు. కట్టుకాలు మెల్లగా పక్కకు జరిపి, మంచం మీద ఆమెకు చోటిచ్చాడు.