పిక్కకి రెండు

పొద్దున్నే కాఫీ గ్లాసు ఒక చేత, కూతురి ఫోన్ ఒక చేత పట్టుకుని మంచం పక్కన కూర్చోవడం సువార్తమ్మకి అలవాటైపోయింది. కూతురు ప్రిస్కిల్లా మంచి పేరున్న కబడ్డీ టీములో ఆడుతుంది. పిక్క పట్టేసిందని విశ్రాంతికి రాజమండ్రి ఇంటికి పంపారు. ఇంట్లో ఉన్నా రోజూ కాళ్ల సంగతి ఫోన్‌లోని టీము యాప్‌లో చెప్పాల్సిందే. పాదం, చీలమండ, పిక్క, మోకాలు, ఆఖరికి బూటు, ఒక్కోటీ ఎంత హాయిగా ఉందో సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వెయ్యాలి. ఆరంటే ఏ బాధా లేదని. ఆ అంకెలు చూసే ఎవరిని ఆడించాలో, ఎవరిని ఆపాలో టీము ఫిజియో మేడమ్ తేలుస్తుంది.

ప్రిస్కిల్లా కళ్లు తెరవకుండానే అంకెలు చెప్పేది, తల్లి నొక్కేది. "పిక్కకి రెండు" అనేసరికి మాత్రం సువార్తమ్మ వేలు ఆగిపోయేది. చర్చిలో ఎవరు పలకరించినా దేవుని కృపవల్ల బాగున్నామనడమే ఆవిడకి తెలుసు. బాగోలేదని ఒప్పుకుంటే విశ్వాసం సన్నగిల్లినట్టే. ఆ పిక్కకి నూనె రాసి ప్రార్థన చేసిన చేత్తోనే రెండు ఎలా నొక్కుతుంది? ఆరు నొక్కేది.

ఆ పూట కాఫీ తాగుతుండగా ఫిజియో మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది. ప్రిస్కిల్లా విని, సరేనండి అని పెట్టేసింది. ఎల్లుండి మ్యాచ్‌లో ఆడిస్తారట, సాయంత్రం రైలుకే వచ్చెయ్యమన్నారట. చెబుతున్న గొంతులో సంతోషం లేదు. ఫోన్‌లో పాత మార్కులు తీసి చూస్తూ ఉండిపోయింది.

"రోజూ ఆరే నొక్కావా అమ్మా?"

"దేవుడు బాగుచేసేశాడని నమ్మి నొక్కానే."

మిల్లు డ్యూటీకి చొక్కా వేసుకుంటున్న రాజరత్నం భార్య వైపు చూశాడు. "నీ విశ్వాసానికి ఫోన్ బాగుపడింది సువార్తా. కాలే ఇంకా బాగుపడలేదు."

"మీరూరుకోండి. తక్కువేస్తే పిల్లని తీసేస్తారేమోనని కూడా భయపడ్డాను."

ప్రిస్కిల్లా గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది సువార్తమ్మకి. పోయినేడు టీములో తన పక్కన ఆడిన అమ్మాయి ఇలాగే అంతా బాగుందని చెప్పి దిగిందట. ఆట మధ్యలో మడమ పైన నరం తెగింది. మళ్లీ ఆడలేదు.

"అక్కడ నా మొహం చూసి ఎవరూ అడగరమ్మా. నొప్పిగా ఉందని నేను చెప్పుకునేది అందులోనే. అది కూడా చెప్పనివ్వలేదు నువ్వు."

"మరి ఇందాక ఫోన్‌లో చెప్పలేకపోయావా?"

"ఓపిక లేదమ్మా. బాగానే ఉన్నావుగా అన్నారు. సరే అనేశాను. అలిసిపోయాను."

సువార్తమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఇందాకటి నంబరే కూతురి చేత మళ్లీ కలిపించి, ఫోన్ తను తీసుకుంది.

"ప్రిస్కిల్లా వాళ్లమ్మనండి. ఆ మార్కులు నేనే మార్చి వేశానండి. పిల్ల పిక్కకి రెండే చెప్పింది. రోజూ రెండే చెప్పింది."

అవతల ఫిజియో మేడమ్ తెలుగమ్మాయే. కోప్పడకుండా నిదానంగానే మాట్లాడింది. మ్యాచ్ వద్దంది. ఈ రోజే స్కాన్ తీయించమంది. ఈ సీజన్ ఆడుతుందా, టీములో చోటు ఉంటుందా అని అడిగితే ఇప్పుడేమీ చెప్పలేనంది. సువార్తమ్మ అదంతా ఉన్నదున్నట్టు కూతురికి చెప్పింది.

రాజరత్నం డ్యూటీకి సెలవు పెట్టి ఆటో పిలిచాడు. గడప దాటేముందు ముగ్గురూ నిలబడ్డారు. ఎక్కడికి బయల్దేరినా ప్రార్థన సువార్తమ్మదే. ఎప్పుడూ స్తోత్రాలతో మొదలుపెట్టి ఆపకుండా చెప్పుకుపోయే మనిషి, ఈసారి కళ్లు మూసుకుని మాట కోసం వెతుక్కుంది.

"ప్రభువా, నా బిడ్డకి కాలు నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది."

అక్కడితో ప్రార్థన ఆపేసింది. ప్రిస్కిల్లా తల్లి భుజం మీద తల పెట్టి, ఇంటికొచ్చాక మొదటిసారి ఏడ్చింది. ఒంటి బరువంతా తల్లి మీదే వేసేసింది. సువార్తమ్మ కాళ్లు తడబడినా నిలదొక్కుకుంది.

ఆమేన్ అన్నది రాజరత్నమే.