ఐదో అంచెలో ముప్పై నాలుగు నిమిషాలు

ఆదివారం పొద్దున సూట్‌కేసుల షావుకారు దుకాణం షట్టరు సగం ఎత్తి, ముందు వరసలో నిలబెట్టిన పెట్టెల మీద దుమ్ము దులుపుతున్నాడు. ఆదివారం బేరాలుండవు. అయినా షట్టరు పూర్తిగా దించితే ఆయనకు ఊపిరాడదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళు తిరిగేవాళ్ళకు పెట్టెలమ్మాడే గాని, తాను ఈ వీధి మలుపు దాటింది తక్కువ. అలాంటి మనిషి నాలుగు నెలల కిందట కూతుర్ని వెంటబెట్టుకుని టీవీవాళ్ళ పందేనికి వెళ్ళి ఐదు ఊళ్ళు చూసొచ్చాడు.

పది జంటల పందెం అది. ఊరికో అంచె. చీటీలో రాసిన దారి పట్టుకుని పోవాలి, చెప్పిన పని చెయ్యాలి, చివరి గీత చేరాలి. ఆఖరున చేరిన జంట ఇంటికి. ఈ తండ్రీకూతుళ్ళు ఐదో అంచెలో తొమ్మిది నిమిషాల తేడాతో ఇంటికొచ్చారు. ఆ అంచె ఇవాళ తొమ్మిదింటికి టీవీలో వస్తుంది.

ఎదురు దుకాణం దర్జీ మెడలో టేపు వేలాడేసుకుని వీధి దాటి వచ్చాడు. "ఏం అన్నయ్యా, ఇవాళేగా మీరు ఓడిపోయేది?"

"నేనెక్కడ ఓడాను తమ్ముడూ? మ్యాపు తలకిందులుగా పట్టుకున్నవాళ్ళు ఓడారు."

దర్జీ పకపకా నవ్వాడు. ఈ నాలుగు నెలల్లో ఆ మాట వీధిలో వినని మనిషి లేడు. పెట్టె కొనడానికి వచ్చిన ప్రతివాడికీ షావుకారు తాళంతోపాటు ఆ కథ కూడా ఇచ్చి పంపేవాడు. కూతురు పక్కనే ఉండి, కొన్నవాళ్ళ పెట్టెకు చక్రాలు సరిచూస్తూ, తలెత్తేది కాదు.

మేడ మీద, దుకాణం పైనున్న ఇంట్లో, గాలి వేరుగా ఉంది. నిన్న సాయంత్రం టీవీవాళ్ళ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఓడిన జంటల్లో ఒక జంటకు వచ్చే పందెంలో మళ్ళీ అవకాశం ఇస్తారట. ఇప్పటిదాకా టీవీలో వచ్చిన అంచెల్లో జనానికి వీళ్ళే బాగా నచ్చారట. పాత జంటే రావాలి, మనిషి మారకూడదు. జవాబు ఇవాళ పదకొండింటికల్లా చెప్పాలి.

కూతురు రానంది.

షావుకారు రాత్రంతా ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఎటు తిప్పినా నష్టమే కనిపించింది. మెట్లెక్కి పైకి వచ్చేసరికి కూతురు బట్టలు మడత పెడుతోంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. చిన్నప్పుడు బక్కగా ఉండేదని పిట్ట అని పిలిచారు. ఇప్పటికీ పిట్టే.

"పిట్టా, ఇంకా ఆ మొండితనం పోలేదా?"

"మొండితనం కాదు నాన్నా. నాకు రావాలని లేదు."

"దారి తప్పించావని నేనేమన్నా కొట్టానా, తిట్టానా? అప్పుడే క్షమించేశాగా."

మడత పెడుతున్న చొక్కా ఆమె చేతిలో ఆగిపోయింది. "క్షమించావా?"

"మరి? నువ్వే ఒప్పుకున్నావుగా, ఆ యాంకరు ముందు. తప్పు నాదేనని నీ నోటితోనే అన్నావు. నేనన్నానా?"

"గెలిస్తే నువ్వు గెలిపించావంటావు. ఓడితే నేను ఓడించానంటావు. ఈ జంటలో నేనెక్కడున్నాను నాన్నా? మూటలు మొయ్యడానికైతే కూలీని తీసుకెళ్ళు, నన్నెందుకు?"

షావుకారు మొహం ఎర్రబడింది. వ్యాపారంలో ఆయనకు ఒకటే సూత్రం. సరుకు మీద అనుమానం వస్తే నోటితో వాదించకూడదు, తక్కెడలో పెట్టాలి. "సరే. తొమ్మిదింటికి వస్తుందిగా. అంచె మొత్తం కూర్చుని చూద్దాం. ఎక్కడ ఎవరు ఎన్ని నిమిషాలు పోగొట్టారో మీ అమ్మ లెక్క తేలుస్తుంది. నీ తప్పు తేలితే నోరు మూసుకుని నాతో రావాలి."

"వద్దు నాన్నా. చూడొద్దు."

"ఎందుకొద్దు? భయమా?"

ఆమె ఆ చొక్కా మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

తల్లి బస్సు డిపోలో టైమ్ కీపరు. బస్సు ఆలస్యంగా వస్తే డ్రైవరు వంద కారణాలు చెబుతాడు. గొర్రెలు అడ్డం వచ్చాయంటాడు, వాన అంటాడు. ఆమె ఒక్కటీ వినదు. ఏ స్టాపులో ఎప్పుడు ఆగింది, ఎప్పుడు కదిలింది, అంతే. ఆమె ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని, డిపో నుంచి తెచ్చుకున్న పాత ట్రిప్ షీటు వెనక్కి తిప్పి, పెన్సిలు పట్టుకుని టీవీ ముందు కూర్చుంది.

"మొగుడని చూడను, కూతురని చూడను. మధ్యలో ఎవరూ మాట్లాడకండి," అంది.

దర్జీ కూడా పైకొచ్చి గుమ్మం పక్క స్టూలు లాక్కున్నాడు. "వదినా, నన్ను సాక్షి అనుకోండి."

"సాక్షికి టీ లేదు," అందామె టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

అంచె మొదలైంది. తెర కింద మూలలో ఏ జంట ఎంతసేపట్నించి నడుస్తోందో గడియారం పడుతూ ఉంది. తండ్రీకూతుళ్ళు రైలు దిగారు, చీటీ తీసుకున్నారు, మూడో స్థానంలో సందుల్లోకి పరుగెత్తారు. ఒక నాలుగు వీధుల కూడలి దగ్గర కూతురు మ్యాపు చూసి ఎడమవైపు చెయ్యి చూపించింది. అది తప్పుదారి. ఒక గోడౌను గేటు దాకా పోయి వెనక్కి వచ్చారు.

షావుకారు తొడ చరిచాడు. "అదిగో! చూశావా తమ్ముడూ?"

"చూశాను అన్నయ్యా. పిట్టమ్మా, ఎడమ ఏదో కుడి ఏదో నన్నడక్కపోయావా, చొక్కా చేతులు కుట్టేవాడికి బాగా తెలుసు."

కూతురు వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నవ్వలేదు.

తల్లి రాసుకుంది. "తప్పుదారి, ఆరు నిమిషాలు. తర్వాత?"

"తర్వాత ఇంకేముంది? అక్కడే పోయింది," అన్నాడు షావుకారు.

"ట్రిప్ ఇంకా అవ్వలేదు. కూర్చోండి."

తర్వాతిది పని. ఆ అంచెలో రెండిట్లో ఒకటి ఎంచుకోవచ్చు. గోపురం మెట్లు ఎక్కి కిటికీలు లెక్కపెట్టడం ఒకటి. నలభై వస్తువులు ఒకే సూట్‌కేసులో సర్ది, మూత వేసి, జడ్జికి చూపించడం రెండోది. తెర మీద షావుకారు ఆ రెండోది చదవగానే చేతులు పైకెత్తి అరిచాడు. "ఇది నా పని! నా వృత్తి! పిట్టా, నువ్వు పక్కకి జరుగు!"

దర్జీ చప్పట్లు కొట్టాడు. కుర్చీలో ఉన్న షావుకారు నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే తెర మీద ఆయన సర్దడం మొదలుపెట్టాడు.

సర్దడం ఆయనకు రాదు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికి తెలుసు, ఆయనకు తెలియదు. దుకాణంలో ఆయన తాళం గురించి చెబుతాడు, చక్రం గురించి చెబుతాడు, మనిషిని మాటల్లో ముంచి లేపుతాడు. ఎవరైనా "ఇందులో ఇన్ని పడతాయా?" అని అడిగితే, పదేళ్ళ వయసు నుంచీ మోకాళ్ళ మీద కూర్చుని సర్ది చూపించేది పిట్ట. పెట్టె మూతపడే చప్పుడు ఆయన వెనకాల వినబడుతుంది, ఆయన ముందుకు తిరిగి బేరం ముగిస్తాడు. పదహారేళ్ళు అలాగే సాగింది.

తెర మీద ఆయన ముందు కోట్లు పెట్టాడు, పైన గాజు గ్లాసులు పెట్టాడు, బూట్లు చివరికి మిగిలాయి. మూత పడలేదు. అన్నీ తీసి మళ్ళీ అలాగే పెట్టాడు. కూతురు బూట్ల వైపు చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిని తోసేశాడు. "నీకు తెలీదు, నువ్వుండు." మళ్ళీ చాపింది. మళ్ళీ తోశాడు. పక్క బల్ల దగ్గరున్న జంట పన్నెండు నిమిషాల్లో ముగించి పరుగెత్తింది. తర్వాత ఇంకో జంట. షావుకారు మూత మీద కూర్చున్నాడు.

"అబ్బ," అన్నాడు దర్జీ.

తల్లి పెన్సిలు ఆగకుండా కదులుతోంది. తెర మూలన గడియారం ప్రకారం ఆ పెట్టె దగ్గరే ముప్పై నిమిషాలు గడిచాయి. తెర మీద షావుకారు లేచి జడ్జి దగ్గరికి పోయి పెట్టె బాలేదని దెబ్బలాట మొదలుపెట్టాడు. "ఇదేం కీలు? ఇదేం సరుకు? ఇలాంటి పెట్టెని నేనైతే మా దుకాణం గుమ్మం కూడా ఎక్కనివ్వను!"

అప్పుడు కెమెరా ఆయన్ని వదిలి కూతురి వైపు తిరిగింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. మొత్తం బయట పడేసింది. బూట్లు అడుగున, బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో గ్లాసులు, కోటు ఆఖరున పైన పరిచింది. నాలుగు నిమిషాలు. మూత వేసి తాళం నొక్కింది. అంతలో తెర మీద షావుకారు వెనక్కి తిరిగి వచ్చాడు, మూతపడిన పెట్టెను చూశాడు, పిడి పట్టుకుని గాల్లోకి లేపాడు. "చూశావా! నేను కూర్చునేసరికి దిగింది!"

తెర మీద కూతురు ఆయన మొహంలోకి చూసింది. ఆ సంబరం చూసింది. "అవును నాన్నా," అంది.

షావుకారుకు ఆ క్షణం గుర్తుంది. తాను నొక్కిన నొక్కుకే మూత దిగిందని ఆ రోజు నుంచీ నమ్ముతున్నాడు. పక్కింటాయనకు చెప్పాడు. పాలవాడికి కూడా చెప్పాడు. ఇప్పుడు కుర్చీలో ఆయన వీపు మెల్లగా వంగింది.

పందెం ముగిసింది. ఆఖరి గీత దగ్గర యాంకరు అడిగాడు, ఎక్కడ దెబ్బతిన్నారని. కూతురు తండ్రి కన్నా ముందే నోరు తెరిచింది. "తప్పు నాది. దారి నేను తప్పించాను. నాన్న చాలా బాగా చేశారు."

తల్లి టీవీ కట్టేసింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు," అన్నాడు షావుకారు.

"తేడా తొమ్మిది నిమిషాలు. మ్యాపు దగ్గర పోయింది ఆరు. అంటే దారి తప్పకపోయినా మూడు నిమిషాలతో ఔటే. పెట్టె దగ్గర ముప్పై నాలుగు. పక్కవాళ్ళకి పట్టింది పన్నెండు. అక్కడ పోయింది ఇరవై రెండు." ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఆ ముప్పై నాలుగులో ముప్పై మీవి. నాలుగు దానివి."

దర్జీ స్టూలు మీంచి లేచి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. పోవాలో ఉండాలో తేల్చుకోలేకపోయాడు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు షావుకారు.

"చెప్తే నమ్మేవాడివా?" అంది కూతురు. "ఆ రోజు గీత దగ్గర నీ మొహం చూశాను నాన్నా. ఇంత పెద్ద వయసులో, అంతమంది ముందు, నీ పనే నీకు రాదని ఎలా చెప్పను? నా మీద వేసుకుంటే అక్కడితో పోతుందనుకున్నా. నువ్వు దాన్ని ఇంటిదాకా తెస్తావనుకోలేదు. వీధిలో పంచుతావనుకోలేదు. కొనేవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వి పోతుంటే..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అందుకే చూడొద్దన్నాను. ఇప్పుడు కూడా నీకోసమే అన్నాను."

పదకొండింటికి ఫోను మోగింది. బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగింది. షావుకారు స్పీకరు నొక్కాడు.

"నమస్తే సార్," అంది టీవీవాళ్ళ అమ్మాయి హుషారుగా. "ఈ కాల్ రికార్డవుతోంది, కొత్త పందెం మొదట్లో వేస్తాం. ముందు ఒక్క ప్రశ్న. పోయినసారి మీరెందుకు ఓడిపోయారు?"

ఎలాంటి సరుకునైనా అంటగట్టగల నోరు ఆయనది. కీలు బాలేదనొచ్చు. అదృష్టం అనొచ్చు. ఎదురుగా కూతురు, కళ్ళు తుడుచుకుంటూనే, తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. ఆ తల ఊపడం చూసి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నా వల్లమ్మా," అన్నాడు. "దారి సంగతి కాదు. సర్దడం నాకు రాదు, వచ్చనుకున్నాను. మా అమ్మాయికి వచ్చు. అది చెయ్యి చాపితే రెండుసార్లు తోసేశాను. చివరికి అదే సర్దింది. నేను సర్దానని చెప్పుకున్నాను. అదేమో తప్పు తన మీద వేసుకుంది. నేను దాన్ని కూడా నిజమని ఊరంతా చెప్పాను. ఇదంతా వెయ్యండి. ఒక్క ముక్క కత్తిరించొద్దు."

ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మరి... వస్తున్నారా సార్?"

"అది నేను చెప్పేది కాదు. మా అమ్మాయి చెప్పాలి. రానంటే రానట్టే, నేను బతిమాలను." ఫోను కూతురి వైపు జరిపాడు.

పిట్ట ఫోను దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది. భుజాలు కదులుతున్నాయి. ఫోనులో "హలో? హలో?" అని వినబడుతోంది.

"లైన్లోనే ఉన్నాం, ఆగమ్మా. బండి ఇంకా కదల్లేదు," అంది తల్లి ఫోనులోకి వంగి.

"వస్తాం," అంది కూతురు చివరికి. "ఇద్దరం వస్తాం."

ఫోను పెట్టేశాక దర్జీ గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఇది టీవీలో వస్తుంది. వీధంతా చూస్తుంది."

"వాళ్ళు చూసేదాకా ఎందుకు తమ్ముడూ? కిందికి పోతూ నువ్వే చెప్పెయ్. నా అబద్ధం మోసినవాడివేగా, నిజం మొయ్యలేవా?"

దర్జీ తలొంచుకుని మెట్లు దిగాడు. కూతురు వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నేను అడగలేదుగా నాన్నా. ఎందుకు చెప్పావు అంతా?"

"నువ్వు అడగవనేగా ఇన్నాళ్ళూ నీకు దక్కాల్సిన పేరు నేను ఇవ్వలేదు," అన్నాడాయన. అని, ఇక ఆపుకోలేక, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆమె ఆ చేతులు విడదీసింది. ఏడుస్తూనే అంది. "మ్యాపు మళ్ళీ నేనే చూస్తా. దారి తప్పితే తిట్టు. కానీ నన్నే తిట్టు, నా ఎదురుగా తిట్టు. వీధిలోవాళ్ళకి చెప్పకు."

"చెప్పనమ్మా," అన్నాడు షావుకారు.