అక్కల గవిలో గంగాళం

వారం రోజుల ముసురు తర్వాత కొండ మీద పెద్ద బండ జారింది. ఆ చప్పుడు కింద మేడిమాకులపల్లె దాకా వినిపించింది. మరునాడు మేకలు తోలుకుని పైకి వెళ్ళిన సుంకమ్మకు, బండ జారిన చోట కొండ నల్లటి నోరు తెరుచుకుని కనిపించింది. మనిషి వంగి దూరేంత గుహ. పక్కన రాతి మీద ఏడు పసుపు బొట్లు. పాతబడి రాయిలో కలిసిపోయాయి, అయినా పసుపు పసుపే.

"అక్కల గవి!"

సుంకమ్మ మేకల్ని అక్కడే వదిలేసి కొండ దిగి పరుగెత్తింది.

ఆ గవి కథ వినకుండా ఆ చుట్టుపక్కల ఎవరూ పెరగలేదు. లోపల ఏడుగురు అక్కలుంటారు. వాళ్ళకు రెక్కలు లేవు, కిరీటాలు లేవు. ఊరి ఆడవాళ్ళలాగే కొంగు నడుముకు దోపుకుని, తడి కాళ్ళతో తిరుగుతుంటారట. పూర్వం పెళ్ళి తలపెట్టినవాళ్ళు గవి ముందు నిలబడి, పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురు పేరూ చెప్పి, "సామాను ఎరువియ్యండి తల్లీ" అని అడిగేవాళ్ళు. తెల్లారేసరికి గవి వాకిట్లో గుండిగలు, గంగాళాలు తళతళలాడుతూ ఉండేవట. పెళ్ళయ్యాక తోమి మళ్ళీ అక్కడే పెట్టాలి. పెళ్ళికి తప్ప దేనికీ అక్కలు ఇవ్వరు.

చివరిసారి వాటిని తెచ్చుకున్నది సుంకమ్మ జేజి ఈరమ్మ పుట్టింటివాళ్ళూ, కొండకు అవతల ఉన్న కోనంపేట ఓబయ్య ఇంటివాళ్ళూ కలిసి. ఈరమ్మ మేనత్తను ఓబయ్య చిన్నాయనకు ఇచ్చిన పెళ్ళి అది. ఆ తర్వాత ఎవరు ఎంత వేడుకున్నా అక్కలు ఒక్క చెంబు కూడా ఇవ్వలేదు. కొన్నాళ్ళకు గవి నోటికి బండ పడింది. సామానుతో వచ్చిన బంగారు గరిటె తిరిగి ఇవ్వలేదనే అక్కలు అలిగారని అందరూ అనుకున్నారు. దాన్ని దాచుకుంది వాళ్ళేనని వీళ్ళు, వీళ్ళేనని వాళ్ళు. వరసకు బావామరదళ్ళయిన ఓబయ్య, ఈరమ్మ అప్పటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇప్పుడేమో ఓబయ్య మనవడు మద్దిలేటి, చేసుకుంటే సుంకమ్మనే చేసుకుంటానన్నాడు. సుంకమ్మ నోరు విప్పి ఏమీ అనలేదు కానీ, వచ్చిన ప్రతి సంబంధానికీ తల అడ్డంగా ఊపింది.

"గరిటె దొంగల ఇంటికి నా మనవరాల్ని ఇయ్యను" అంది ఈరమ్మ.

"గరిటె దొంగల పిల్ల నా ఇంట్లో గరిటె పట్టేది లేదు" అన్నాడు ఓబయ్య.

వచ్చే నెలలో సుంకమ్మను వేరే ఊరి సంబంధానికి ఇవ్వాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఆలోగా గరిటె సంగతి తేలాలి.

"గరిటె గవిలోనే ఉండాదేమో, నేనూ సుంకమ్మా పోయి చూసొస్తాం" అన్నాడు మద్దిలేటి. ముసలివాళ్ళు ఒప్పుకోలేదు. ఓబయ్య దాచిన గరిటెను మనవడి పంచెలో పెట్టి పంపిస్తాడని ఈరమ్మకు అనుమానం. ఈరమ్మ మనవరాలి కొంగులో కట్టి పంపిస్తుందని ఓబయ్యకు అనుమానం. అందుకే మరుసటి ఉదయం నలుగురూ కొండెక్కారు. మద్దిలేటి చేతిలో ఒక టార్చిలైటు, ఈరమ్మ చంకలో జొన్నరొట్టెల మూట, ఓబయ్య భుజాన వేరుశనక్కాయల సంచి.

"సుంకీ, ఆ మనిషిని ముందు నడవమను. వెనకుంటే రాయి దొర్లిస్తాడు" అంది ఈరమ్మ.

"మద్దిలేటీ, రాళ్ళు దొర్లించేదానికి ఆ మనిషి నోరే చాలని చెప్పరా" అన్నాడు ఓబయ్య.

గవిలో దూరగానే చల్లటి గాలి ముఖానికి తగిలింది. గబ్బిలాలు ఒక్కసారిగా లేచి తలల మీదుగా బయటికి దూసుకుపోయాయి. "వంగండి!" అని అరిచాడు మద్దిలేటి. మోకాళ్ళ మీద పాకుతూ జారుడు బండ దిగితే గవి విశాలమైంది. కప్పు నుంచి రాతి ఊడలు వేలాడుతున్నాయి. ఎదురుగా వీధంత వెడల్పున నీళ్ళు. పిక్కల దాకా వచ్చే ఆ నీళ్ళు దాటితే అవతల ఎత్తయిన రాతి తిన్నె.

భయం పోవడానికి మద్దిలేటి కబుర్లు మొదలుపెట్టాడు. "బడిలో ఉన్నప్పుడు పుస్తకంలో చదివినా జేజీ. సముద్రాల అవతల చలిదేశాల్లో కూడా గుట్టల కింద ఇట్లాంటోళ్ళే ఉంటారంట. విందులకు పెద్ద కాగు ఎరువిచ్చేవాళ్ళంట. ఎవరో సకాలంలో తిరిగి ఇయ్యలేదని మానుకున్నారంట."

"అయితే అక్కడ కూడా కోనంపేటోళ్ళు ఉండారన్నమాట" అంది ఈరమ్మ.

సుంకమ్మ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిన్నె ఎక్కి టార్చి వేశారు.

వరసగా గుండిగలు, బిందెలు, తాంబాళాలు. అన్నిటికీ వెనక పెద్ద గంగాళం. ఇన్నేళ్ళయినా ఒక్క మరక లేదు. ఇప్పుడే ఎవరో చింతపండుతో తోమి బోర్లించకుండా ఆరబెట్టినట్టు మెరుస్తున్నాయి. మద్దిలేటి చెయ్యి చాచాడు.

"ముట్టుకోవద్దు!" అరిచింది ఈరమ్మ. "అడగకుండా ముట్టుకోకూడదు. కండ్లతో చూడు."

సుంకమ్మ ఒక్కో పాత్రలోకీ తొంగి చూసింది. ఒకదాంట్లో గుప్పెడు కొర్రలు. ఒకదాంట్లో జొన్నలు. ఇంకోదాంట్లో రాయిలా ఎండిన పసుపుకొమ్ములు. అన్నిట్లోనూ ఏదో ఒకటి ఉంది.

"ఉండదా మరి?" అంది ఈరమ్మ. "ఎరువు తెచ్చిన గిన్నెను వట్టిది పంపిస్తామా యాడన్నా? గుప్పెడైనా ఏదో ఒకటి ఏసి పంపాల."

సుంకమ్మ గంగాళం దగ్గరికి వెళ్ళింది. తొంగి చూసి, వెనక్కి తిరిగి, చాలా మెల్లగా అంది.

"గరిటె ఇందులోనే ఉంది జేజీ. కానీ గంగాళం వట్టిది."

ముసలివాళ్ళిద్దరూ చెరో పక్క నుంచి వంగి చూశారు. అడుగున బంగారు గరిటె పడుకుని ఉంది. గింజ లేదు, బెల్లంముక్క లేదు. కడిగిన గంగాళం కడిగినట్టే ఉంది.

"గుప్పెడు వెయ్యాల్సింది మగపెళ్ళివారు. మాయమ్మ అనేది" అంది ఈరమ్మ నెమ్మదిగా.

"కాదు, ఆడపెళ్ళివారు. మా నాయన అనేవాడు" అన్నాడు ఓబయ్య.

వాళ్ళు వేస్తారని వీళ్ళూ, వీళ్ళు వేస్తారని వాళ్ళూ వదిలేశారు. దొంగతనం ఎవరూ చెయ్యలేదు. అక్కలకు కోపం వచ్చింది గరిటె కోసం కాదు, వట్టి గంగాళానికి.

అప్పుడు వినిపించింది ఉరుము. కొండ మీద కుండపోత మొదలైంది. గోడల పగుళ్ళ నుంచి నీళ్ళు చిమ్మాయి. వచ్చిన దారివైపు టార్చి వేసిన మద్దిలేటి కేక పెట్టాడు.

"తాతా! నీళ్ళు పెరుగుతున్నాయి!"

పిక్కల లోతు నీళ్ళు నడుము దాటాయి. చూస్తుండగానే భుజాల ఎత్తుకు లేచి సుడులు తిరగసాగాయి. పక్కనున్న రాతి బిలంలోకి గుడగుడమంటూ లాగుతున్నాయి. తిన్నె అంచు తడిసింది. ముగ్గురికీ ఈత వచ్చు. ఈరమ్మకు రాదు.

"మీరు పోండి" అందామె. "నేను ఈడనే అక్కల దగ్గర కూర్చుంటా. సుంకీ, పో తల్లీ."

"నేను పోను!" అంది సుంకమ్మ. ఆమె గొంతు అంత గట్టిగా పలకడం మద్దిలేటి ఎప్పుడూ వినలేదు.

"నోరు మూసుకో ఈరమ్మా!" అన్నాడు ఓబయ్య. "గంగాళం అడుగు. అందులో కూర్చోబెట్టి దాటిస్తాం."

"పెళ్ళికే కదా ఇచ్చేది! పేర్లు చెప్పాల. అక్కల ముందర అబద్ధమాడి బతికేదా?"

నీళ్ళు తిన్నె మీదికి వచ్చాయి. ముందు వరస బిందెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఓబయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అబద్ధమెందుకు? తల్లులారా, పెళ్ళుంది. పెళ్ళికొడుకు మా మద్దిలేటి." ఈరమ్మ వైపు తిరిగాడు. "మిగతాది నువ్వు చెప్పాల."

ఈరమ్మ మనవరాలిని చూసింది. సుంకమ్మ ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

"పెళ్ళికూతురు మా సుంకమ్మ" అంది ఈరమ్మ, రెండు చేతులూ జోడించి. "గంగాళం ఎరువియ్యండి అక్కా."

నీళ్ళు అడుగున చేరాయో, మరెవరైనా ఎత్తారో, గంగాళం మెల్లగా కదిలి పైకి తేలింది. ఓబయ్య గరిటెను రెండు చేతులా తీసి గుండిగలో పెట్టాడు. ఈరమ్మను ఎత్తి గంగాళంలో కూర్చోబెట్టారు. ఒళ్ళో రొట్టెల మూట, శనక్కాయల సంచి, ఓబయ్య తలపాగా, చేతిలో టార్చి.

"పట్టు! వదలొద్దు!"

మద్దిలేటి ఒక పక్క, సుంకమ్మ ఒక పక్క, వెనక ఓబయ్య. నీటిలోకి తోశారు. సుడి గంగాళాన్ని గిర్రున తిప్పి బిలం వైపు లాక్కుపోయింది. సుంకమ్మ రాతి ఊడను ఒంటి చేత్తో పట్టుకుని కాళ్ళు తన్నింది. అరచెయ్యి చీరుకుపోయినా వదల్లేదు.

"ఎడమకి! ఎడమకి తొయ్యి!" ఈరమ్మ అరుస్తూనే ఉంది. అంతలో ఓబయ్య కాలు జారింది. తల మునిగింది. ఈరమ్మ వంగి అతని జుట్టు దొరకబుచ్చుకుని పైకి గుంజింది.

"యాడికి పోతాండావ్ బావా? పెళ్ళి పెట్టుకుని!"

నోటి నిండా నీళ్ళతో ఓబయ్య దగ్గాడు, నవ్వాడు, మళ్ళీ దగ్గాడు. నలుగురి కేకలతో గవి దద్దరిల్లింది. చివరికి గంగాళం జారుడు బండకు తగిలి ఠంగుమంది. మద్దిలేటి పైకి పాకి జేజిని లాగాడు. పైనుంచి బూడిదరంగు వెలుతురు పడుతోంది.

కాసేపు ఎవరూ లేవలేదు. గంగాళం మాత్రం బండను ఆనుకుని ఊగుతూ నిలబడింది.

"పెళ్ళినాటికి మళ్ళీ అడుగుదాం. ఇప్పుడు వట్టిది పంపగూడదు" అంటూ ఓబయ్య లేచి శనక్కాయల సంచి గంగాళంలో కుమ్మరించాడు.

"ఉండు! ఆడపెళ్ళివారం మేముండగా నీదేంది ముందు?" ఈరమ్మ మూట విప్పి రొట్టెలన్నీ వేసింది. పైన బెల్లం గడ్డ.

"ఇంకా ఆకువక్క ఉండాది నీ బొడ్లో. అదీ ఎయ్యి."

"మరి నీ తలపాగా కొత్తదే కదా? అక్కలకు గుడ్డ పెట్టవా?"

తలపాగా పడింది. ఆకువక్క పడింది. ఓబయ్య ఇంకేమైనా ఉందా అని జేబులు తడుముకున్నాడు.

"చాల్లే బావా" అంది ఈరమ్మ. "మునిగిపోతుంది."

ఇద్దరూ వంగి చెరొక చెవీ పట్టుకుని తోశారు. ఇంత సేపూ బిలంవైపు లాగిన నీళ్ళే ఇప్పుడు గంగాళాన్ని నేరుగా చీకట్లోకి తీసుకుపోయాయి. కొంతసేపటికి అవతల తిన్నె మీద ఇత్తడికి ఇత్తడి తగిలిన చప్పుడైంది. తర్వాత ఒక్కొక్కటిగా చిన్న చిన్న చప్పుళ్ళు, ఎవరో వంటింట్లో సామాను సర్దుకుంటున్నట్టు.

చూడాలని మద్దిలేటి టార్చి ఎత్తాడు. సుంకమ్మ ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. జేజి, తాత చూస్తున్నా మళ్ళీ వదల్లేదు.