తడిక కింద కాశీరత్నం

షహర్ బానోకు ఆ ఉదయం కూడా చాయ్ సహించలేదు. కప్పు గట్టు మీద పెట్టేసి పెరట్లో వెదురు తడిక దగ్గరికి ఉరికింది. తొమ్మిది రోజులుగా ఇదే వరస. తడిక కింద నల్లమట్టి బోడిగా అలాగే పడి ఉంది.

లోకానికి అది తడికే గాని ఆ ఇంటి ఆడవాళ్లకు అది పర్దా. మోండా మార్కెట్ వెనక సందులో ఇళ్లన్నీ ఒకదాని మొహం ఒకటి చూస్తుంటాయి. ఏటా తడిక మీద కాశీరత్నం తీగ అల్లుకుంటే, ఆ సన్నని ఆకుల చాటున, ఎర్రెర్రని పూల చాటున అత్తాకోడళ్లు బియ్యం ఏరుకుంటూ హాయిగా కూర్చునేవాళ్లు. ఈ ఏడు మిలిటరీ దిగింది, నిజాం ఏలుబడి ముగిసింది. ఆ గడబిడలో గింజలు వేసే ధ్యాస ఎవరికుంటుంది?

పోలీసు యాక్షన్ అయి నెల దాటింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే ఆమె భర్త ఖాజావలిది అప్పటినుంచీ ఒకటే పాట, కరాచీ పోదామని. అతని తమ్ముడు జిలానీ ముందే వెళ్లి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. షహర్ బానోకు పోవాలని లేదు. కానీ పెనిమిటికి ఎదురు చెప్పడం పుట్టింట్లో ఎవరూ నేర్పలేదు. "తడిక కింద గింజలు పెట్టిన, జెర ఆగున్రి" అని మాత్రం అంది.

"సరే. పది రోజుల్ల మొలిస్తె ఉందాం. మొలవకపోతె బొంబాయి పోయి ఓడ ఎక్కుదాం" అన్నాడతను నవ్వకుండా.

ఆ గింజలు పక్కింటి విమలమ్మ ఇచ్చినవి. కాశీరత్నం గింజ మొండి ఘటం. రాతి మీద కాస్త రుద్ది, గోరువెచ్చని నీళ్లలో ఒక పూట నానబెడితే తప్ప నోరు విప్పదు. షహర్ బానోకు అది తెలియక కాదు. కాలు కాలిన పిల్లిలా తిరిగే మనిషికి అంత ఓపిక ఎక్కడిది? రుద్దకుండానే, పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు ఎత్తి పోసేసింది.

అత్త షంషున్నీసా చూసి బుగ్గలు నొక్కుకుంది. "గింజలు నానబెట్టినవా బిడ్డా, పప్పు ఉడకబెట్టినవా?"

పదో రోజు పొద్దున తడిక కింద ఆరు మొలకలు! రెండుగా చీలిన పసి ఆకులు. షహర్ బానో "యా అల్లా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొట్టి, వంగి చూసి, ఆగిపోయింది. ప్రతి మొలక మొదట్లోనూ గుప్పెడు ఎర్రమన్ను ఉంది. తన పూలమళ్ల కోసం విమలమ్మ యాప్రాల్ నుంచి బండి మీద తెప్పించుకున్న మన్ను అది. ఎండెక్కేసరికి మొలకలు తలలు వాల్చాయి. ఎవరో పెకిలించి తెచ్చి నాటారని ఇక అనుమానం లేదు. మరిగే నీళ్ల సంగతి, ఆమెకు తెలిసి, అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

"అమ్మీ, ఎందుకు చేసినవ్ గిట్ల? దొంగ మొలకలు చూపి ఆయన్ని ఆపుతమా?"

"నేనా?" షంషున్నీసా మోకాళ్లు చూపించింది. "గివి వంగుతయా? గోడ దూకి తెచ్చిన్నా? నన్ను పరేషాన్ చెయ్యకు."

కోడలు నమ్మలేదు. ఆ పగలంతా ఒక్కచోట నిలవలేకపోయింది. చెబితే ఓడ ఎక్కాలి, చెప్పకపోతే మోసం. చివరికి మోసమే ఎక్కువ బరువనిపించింది.

సాయంత్రం ఖాజావలి వస్తూనే, టోపీ అయినా తీయకుండా తడిక దగ్గరికి వెళ్లాడు. "మొలిచినయి గద! ఉందాం మరి" అన్నాడు గబగబా.

"అజీ, అవి మనవి గావు. మనవి నేనే మరిగే నీళ్లు పోసి చంపిన. గివి విమలమ్మ దొడ్లవి. అమ్మీ తెచ్చి నాటింది. మీరన్నట్లె పోదాం."

ఖాజావలి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మీ కాదు. నేనే," అన్నాడు. "పొద్దుగాల విమలమ్మక్కను అడిగి తెచ్చి పెట్టిన. నువ్వు నీళ్లు పోసిన్నాడే చూసిన. మొలవయని ఎరికయ్యే షరతు పెట్టిన. తీర దినం దగ్గరికొచ్చేటాలకు నాకే పోబుద్ధి గాలె."

"మరి ఉందామని నోటితోని అనరాదా?"

"ఎట్లంట? నెల సంది పోదామన్నది నేనే గద! వర్క్‌షాపుల నాతోని చాయ్ తాగెటోళ్లు తప్పుకొని పోతున్నరు. రేపు మీకేమన్న అయితె ఎట్ల అని ఒకటే భయం. నువ్వొక్కసారన్న పోనంటవని చూసిన. అనకపోతివి. నీకు సుత పోవాల్నని ఉన్నదనుకున్న."

షహర్ బానో తలలు వాల్చిన మొలకల వైపు తిరిగింది. తనకు నోరుండి, తన మాటను గింజల చేత చెప్పించాలని చూసింది. ఆ మాట కోసం ఈ మనిషి నెల రోజులుగా ఎదురుచూస్తున్నాడు. కళ్లనీళ్లు జలజలా రాలాయి.

"నేను పోను" అంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో అతనికి ఆమె కాదని చెప్పడం అదే మొదలు.

ఖాజావలి మెట్టు మీద కూలబడ్డాడు. టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నా భుజాలు కదలడం దాగలేదు.

"మళ్లొక్కసారి అను" అన్నాడు.

"పోను. మిమ్మల్ని సుత పోనియ్య."