లైను బాగుపడింది

ఆరో అంతస్తులో లిఫ్టు ఎక్కినప్పుడు మాస్టారు బతికే ఉన్నారు. కిందికి వచ్చి తలుపులు తెరుచుకునేసరికి గోడకు చేరగిలబడి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. ప్రాణం మాత్రం లేదు. మెడ మీద ఆవగింజంత ఎర్రచుక్క. చేతిలో ఉండాల్సిన బ్యాగు లేదు. అప్పుడు సమయం ఉదయం తొమ్మిదీ పది.

పదిన్నరకు ఒక కళ్లజోళ్ల షాపులోకి నెరిసిన జుట్టు మనిషి ఒకడు వచ్చాడు.

“దూరానివి కావాలా, దగ్గరివా?” అడిగాడు కౌంటర్లో మనిషి.

“రెండూ కనపడటం లేదు.”

కోడ్ సరిపోయింది. వెనకగది తలుపు తెరుచుకుంది.

వచ్చినవాడు ఏజెంట్ సున్నా. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏ ఉద్దేశంతో ఆ పేరు పెట్టిందో గానీ, సున్నాకు పక్కన ఇంకో అంకె నిలబడితే తప్ప విలువ ఉండదన్న సంగతి ఆలోచించినట్టు లేదు. యాభై ఏళ్లు. ఇరవై రెండేళ్ల సర్వీసు. పదకొండు మారుపేర్లు. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు. రెండో గ్లాసు కొనాల్సిన పని పడలేదు.

“ఎల్లుండి, గురువారం పదకొండింటికి ట్రయల్,” అన్నాడు లోపల కూర్చున్న పెద్దాయన, డిపార్ట్‌మెంట్ అధిపతి. అతనికి ఉపోద్ఘాతాలు ఉండవు. “ఫైబర్ గాజు తీగలో డేటా పెంచాలంటే వెలుగు బలం పెంచాలి. బలం పెంచితే దారిలో అది తనలో తానే చెదిరిపోతుంది. అందరూ కొత్త కేబుల్ వేద్దామన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. దారిలో ఎంత చెదురుతుందో ముందే లెక్కగట్టి, దాన్ని తిరగేసి, కావాలనే చెదరగొట్టి పంపిస్తారు. దారే దాన్ని సరిచేసి అవతల అప్పగిస్తుంది. అదే పాత తీగ, ఎనిమిది రెట్ల డేటా.”

“అలా పంపించే యంత్రాలు ఎన్ని?”

“ఒక్కటే. ఆయన చేత్తో చేసుకున్న ట్రాన్స్‌మిటర్. డిజైన్ కాగితాలు ఆ బ్యాగులో పోయాయి.”

“ఆ యంత్రం కూడా పోతే?”

“ఆయన ఇరవై ఏళ్లు పోయినట్టే. విదేశీ ముఠా వాళ్ల కేబుల్ మనకు అంటగడుతుంది, దానికి వాళ్ల చెవులు తగిలించి మరీ.”

“లోపల మనవాళ్లెవరు?”

“వజ్రం. వాళ్ల కంపెనీలో సేల్స్ మేనేజర్‌గా దూరింది.”

సున్నాకు ఆ పేరు కొత్త కాదు. ఒకప్పుడు ఒక మిషన్ కోసం అతనూ వజ్రమూ రెండు గదుల ఫ్లాట్‌లో రెండేళ్లు మొగుడూ పెళ్లాలుగా నటించారు. పొరుగువాళ్లు వినాలని ఆమె అతన్ని ‘ఏవండీ’ అని పిలిచేది. ఒకరోజు ఫైలు మూసేశారు. ఆమె పెట్టె సర్దుకుంది. కిటికీ కర్టెన్లు డిపార్ట్‌మెంట్ స్టోర్‌కు వెళ్లాయి. అతని జీవితంలో కాపురం అన్నదాని మొత్తం అంతే.

గురువారం పదింటికి సున్నా మరకల ఓవరాల్ తొడుక్కుని, టూల్ బ్యాగు భుజాన వేసుకుని, కేబుల్ టెక్నీషియన్‌గా ల్యాబ్‌లోకి నడిచాడు. మాస్టారి అసిస్టెంట్ స్క్రీన్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది.

“బాబాయ్ గారూ, లైను బాగుపడింది,” అంది ఏడుపు గొంతుతో.

“బాగుపడితే ఏడుస్తారేంటమ్మా?”

“ఇక్కడి నుంచి మూడొందల మీటర్ల దగ్గర ఒక చెత్త జాయింట్ ఉంది. అక్కడ వెలుగు ఇంత పడిపోవాలి. మాస్టారు దాన్ని కూడా కలుపుకునే లెక్క కట్టారు. నిన్నటి నుంచి అక్కడ పడట్లేదు, లెక్క కుదరట్లేదు. ఏ మహానుభావుడు అతికాడో గానీ, వాడి చేతులు పడ, అదే మాకు ఆధారమైపోయింది.”

సున్నా తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. పన్నెండేళ్ల కిందట వానలో, ఇదే వేషంలో, ఆ జాయింట్ వేసింది అతనే.

స్క్రీన్ మీద గ్రాఫు మెట్లమెట్లుగా దిగుతోంది. ఒక మెట్టు మాయమైంది. సున్నా బేరీజు వేసుకున్నాడు. అక్కడ ఎవరో తీగ కోశారు. ఏదో పెట్టి మళ్లీ అతికారు. తెలివైన దొంగ ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేస్తాడు. చెత్త అతుకును చెత్తగా వదలలేని చెయ్యి తనకు తెలిసి ఒక్కటే ఉంది. ట్రైనింగ్‌లో వజ్రం పిసరంత లోపం కనపడినా కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టేది. అంటే, లోపలికి పంపిన మనిషే అటు తిరిగిపోయింది.

“ట్రయల్ ఆపేయండమ్మా.”

“నా చేతుల్లో లేదు. హాల్లో అతిథులు కూర్చున్నారు.”

పెద్దాయనకు ఫోన్ చేశాడు. “రుజువు చూపించు, ఆపిస్తాను. మనుషుల్ని మాత్రం పంపిస్తున్నా,” అన్నాడు పెద్దాయన.

రోడ్డు పక్క ఇనుప మూత ఎత్తగానే మ్యాన్‌హోల్‌లోంచి ఖరీదైన సెంటు వాసన వచ్చింది.

“నిదానంగా దిగండి, ఏవండీ. మీ మోకాళ్లు అంతంతమాత్రం కదా.”

పట్టు స్కార్ఫు, చిన్న పిస్టల్, ఆ పాత నవ్వు. కేబుల్ రాక్ పక్కన ఒక పెట్టె మీద కూర్చుని ఉంది వజ్రం.

“మాస్టారిని నువ్వేనా?”

“గుడ్ మార్నింగ్ అమ్మా అన్నారు. నేనూ గుడ్ మార్నింగ్ అన్నాను.” నవ్వు తగ్గింది. “మీరెలా కనిపెట్టారు?”

“జాయింట్ ఎందుకు బాగుచేశావు? పాతదాన్లాగే అతికి ఉంటే నేనిక్కడికి వచ్చేవాణ్ణే కాదు.”

“మూడుసార్లు ప్రయత్నించాను. అంత ఘోరంగా అతకడం నా వల్ల కాలేదు. ఆ విద్య మీకొక్కరికే వచ్చు.”

సున్నాకు నవ్వొచ్చినంత పనైంది. అంతలో ఆమె గడియారం పదకొండు కొట్టింది. ట్రయల్ వెలుగు రాగానే జాయింట్ దగ్గరున్న అగ్గిపెట్టెంత డబ్బాలో తీగ వేడెక్కి, తెల్లటి చుక్క ఒకటి భగ్గున పుట్టింది. కేబుల్‌లోకి దూరి ల్యాబ్ వైపు పాకిపోయింది.

“ఫైబర్ ఫ్యూజ్,” అంది ఆమె. “వెలుగు వచ్చే వైపుకే నడుస్తుంది, దారిపొడవునా గాజును కాల్చుకుంటూ. సెకనుకు ఒక మీటరు. ఐదు నిమిషాల్లో ట్రాన్స్‌మిటర్. అందాకా మీరు నాతో కబుర్లు చెబితే చాలు. కాపురంలో ఎప్పుడైనా అంతసేపు మాట్లాడుకున్నామా?”

“కర్టెన్లు కొన్నరోజు మాట్లాడుకున్నాం.”

“అబ్బ, ఆ రంగు!” అంటూ ఆమె కర్టెన్లతో మొదలుపెట్టి, పక్క ఫ్లాట్ అత్తగారి దగ్గు దాకా వెళ్లింది. సున్నా వింటూనే మనసులో సెకన్లు లెక్కపెట్టుకున్నాడు. రెండొందలు దాటాయి.

“అయినా ఆ రంగు ఇంటికి కుదరలేదు,” అంది.

“నాకు కుదిరింది,” అన్నాడతను. “ఇల్లు కూడా.”

అది నిజం. ఆమెకూ నిజమని తెలిసింది. పిస్టల్ ఒక వేలెడు కిందికి దిగింది. ఆ క్షణంలోనే, ఫైబర్ తుడిచే స్పిరిట్ బాటిల్ నడుం దగ్గర్నుంచి లాగి ఆమె కళ్లలోకి చిమ్మాడు. పిస్టల్ పేలి గుండు గోడకు తగిలింది. ఇరవై రెండేళ్లలో నోరు తెరిచి చెప్పిన ఒకే ఒక్క నిజం, అదీ ఆయుధంగా ఖర్చైపోయింది.

నిచ్చెన ఎక్కి, మూత వేసి గడియ బిగించాడు. డెబ్బై ఐదు సెకన్లు మిగిలాయి. యాభై ఏళ్ల మోకాళ్లకు మూడొందల మీటర్లు చాలా దూరం. రోడ్డు, గేటు, వరండా. ఊపిరాడలేదు. వెనకగదిలో కేబుల్ ప్యానెల్ తలుపు ఊడబెరికాడు. ట్రేలో చుట్టలు చుట్టి ఉన్న తీగలో తెల్లచుక్క అప్పటికే గిరగిరా తిరుగుతోంది. ట్రాన్స్‌మిటర్‌కు ఇంకా నాలుగు చుట్లు.

వెలుగు ఆపే స్విచ్ హాల్లో ఉంది, అక్కడిదాకా పోయే టైం లేదు. కోస్తే కోసిన చోట ఇంకో మంట పుట్టొచ్చు. తీగను గట్టిగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. చుక్కకు తిండి అందదు. పరుగెడుతున్న చుక్కకు ముందున్న తీగను అందుకుని చిటికెనవేలికి బిగించి చుట్టాడు. రెండు చుట్లు. చుక్క ఆగలేదు. మూడో చుట్టు. వేలి మీద తీగ పూత కాలింది, చర్మమూ కాలింది. అతను వదల్లేదు.

వేలికి జానెడు దూరంలో చుక్క ఎర్రబడి, ఆరిపోయింది.

పెద్దాయన మనుషులు వజ్రాన్ని పైకి తెచ్చేసరికి ఆమె కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కారు ఎక్కబోతూ అతని ముందు ఆగింది.

“ఇవి స్పిరిట్ వల్లే,” అంది.

“తెలుసు,” అన్నాడతను. తెలియదు.

వేరే తీగకు మాస్టారి లెక్కను మళ్లీ కట్టడానికి అసిస్టెంట్‌కు రెండు రోజులు పట్టింది. శనివారం ఉదయం ట్రయల్ జరిగింది. పాత గాజు, ఎనిమిది రెట్ల వేగం. హాల్లో చప్పట్లు. అవి అయ్యాక ఆమె వెనకగదికి వచ్చి, వేలికి కట్టు కట్టుకుని కూర్చున్న టెక్నీషియన్‌ను కీబోర్డు ముందుకు లాక్కెళ్లింది.

“బాబాయ్ గారూ, ఇంత వేగం ఇంతవరకూ ఎవరికీ లేదు. మీక్కావాల్సిన వాళ్లకు ఒక మాట పంపండి. ఎవరికైనా సరే.”

సున్నా చాలాసేపు ఆలోచించాడు. పదకొండు మారుపేర్లలో ఏ పేరుకూ ఆ ‘కావాల్సిన వాళ్లు’ దొరకలేదు. చివరికి అవతలి చివరనున్న యంత్రానికే, ఎడమచేత్తో, ‘అందిందా?’ అని కొట్టాడు.

వేలు ఎత్తకముందే జవాబు వచ్చింది. ‘అందింది.’

ఇరవై రెండేళ్లలో అతనికి ఇంత తొందరగా ఎవరూ జవాబివ్వలేదు. మర్యాదకు లోటు రాకూడదని ‘ఉంటాను మరి’ అని కూడా కొట్టి, లేచాడు.